గిలకపిల్లి రద్దు సదస్సు

నలభై ఏళ్ళ కిందట యేటిమొగ పాలెంలో టీవీ ఉన్నది ఒక్క ప్రెసిడెంటు గారింట్లోనే. ఆ టీవీలో బొమ్మ రావాలంటే మేడ మీద యాంటెనా గొట్టం పట్టుకోవాల్సిన మనిషి కూడా ఒక్కడే. వాడు గుర్నాథం. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు.

వేరేవాళ్ళు పట్టుకుంటే తెర మీద ఈగలు ముసిరేవి. గుర్నాథం చెయ్యి పడితే బొమ్మ అద్దంలా నిలబడేది. వాడి ఒంట్లో రాగి పాలు ఎక్కువని ఊరి కంసాలి అనేవాడు. కాదు, కడుపులో ఉండగా తను మేకు మింగిందని వాడి తల్లి చెప్పుకునేది. గుర్నాథం మేడ మీద తుమ్మితే, అక్కడెక్కడో పట్నంలో వార్తలు చదివే ఆవిడ ఉలిక్కిపడి నీళ్ళు తాగేదని కూడా ఊళ్ళో ఒక మాట ఉంది. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి 'గిలకపిల్లి' అని బొమ్మల కథ వచ్చేది. బావి గిలకలా కిర్రుకిర్రుమంటూ మాట్లాడే పిల్లి ఒకటి, మీగడ మంగతాయారనే ముసలావిడ ఒకతె. వారం వారం పిల్లి మీగడ దొంగిలించేది, ఆవిడ కవ్వం పుచ్చుకుని వెంటపడేది, కుండ పగిలేది. ఆఖర్న ఆవిడ రొప్పుతూ "రేపు రా, నీ పని చెప్తా" అనేది. అంతే కథ. అంతకు మించి నీతి ఏమన్నా ఉంటే పిల్లలు ప్రెసిడెంటు గారి వసారాలోంచి లేచిపోయేవాళ్ళు.

మేడ మీంచి గుర్నాథం "వచ్చిందా?" అని అరిచేవాడు. "వచ్చింది, కదలబాక" అని కింద నుంచి ముప్పై గొంతులు. గుర్నాథం కదిలేవాడు కాదు. అట్టా కదలకుండా మూడేళ్ళపాటు ఊరందరికీ గిలకపిల్లిని చూపించాడు. తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. విన్నాడు, అంతే. వాడి నేస్తం దానయ్య అప్పుడప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరే, పిల్లికి రెండు తోకల్రా. ఒకటి దొంగతనానికి, ఇంకోటి పారిపోటానికి" అని కబురు చెప్పేవాడు. రెండు తోకల పిల్లిని తల్చుకుని గుర్నాథం గొట్టం ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు.

తర్వాత ఊళ్ళో ఇంకో నాలుగు టీవీలొచ్చాయి, గిలకపిల్లి ఆగిపోయింది. గుర్నాథం పెద్దవాడై మండలంలో డిష్షులు బిగించే పనిలో పడ్డాడు. ఎవరింట్లో బిగించినా, పనయ్యాక ఒక్క నిమిషం టీవీ ముందు నిలబడి పిల్లల చానళ్ళన్నీ తిప్పి చూసేవాడు. ఏ చానల్లోనూ ఆ పిల్లి దొరకలేదు.

ఈలోగా ప్రభుత్వానికి బాల్యం మీద ప్రేమ పుట్టింది. బాల్యస్మృతుల నవీకరణ మండలి అని ఒకటి ఏర్పాటై, పాత బొమ్మల కథల్ని కొత్తగా తీయించడం మొదలెట్టింది. మొదటి వంతు గిలకపిల్లిది. కొత్త కథలో పిల్లి దొంగతనం చెయ్యదు, మీగడ కోసం దరఖాస్తు పెట్టుకుంటుంది. మంగతాయారు కవ్వం పట్టదు. కళ్ళజోడు సర్దుకుని, పిల్లికి చిన్నతనంలో ఏం లోటు జరిగిందో ఓపిగ్గా అడుగుతుంది. కుండ పగలదు. అది స్టీలుది. ఆఖర్న ఇద్దరూ చేతులు కడుక్కుని మొక్క నాటుతారు. దీన్ని చూసిన పిల్లలు నవ్వలేదు, ఏడవలేదు. టీవీ కట్టెయ్యమని మర్యాదగా అడిగారు. ఆ మర్యాద కొత్త కథ వల్లే అబ్బిందని మండలి తన నివేదికలో రాసుకుంది.

గోలంతా పెద్దవాళ్ళతో వచ్చింది. "పాతదే బాగుంది" అన్నారు. మండలి పదకొండు సార్లు సమావేశమై, లోపం కథలో లేదనీ జ్ఞాపకంలో ఉన్నదనీ తేల్చింది. వెంటనే ఉత్తర్వు వెలువడింది:

"పాత గిలకపిల్లిని పన్నెండేండ్ల లోపు వయస్సున వీక్షించియున్న వారెల్లరు, తమ స్వాధీనమందున్న పాత జ్ఞాపకమును గ్రామ సదస్సునందు దాఖలు పరచి, బదులుగా కొత్త జ్ఞాపకమును పొందవలెను. దాఖలాలు పూర్తియైన పిదప పాత టేపు చెరిపివేయబడును. ఒకే పిల్లికి రెండు దస్తావేజులుండుట చట్టసమ్మతము గాదు."

ఉత్తర్వు కాగితం గుర్నాథం డిష్షుల కొట్టు తలుపుకి అంటించి పోయారు. అందరూ పెద్దక్షరాలే చదివి వెళ్ళారు. గుర్నాథం అద్దాలు పెట్టుకుని, వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివాడు. "చెరుపుటకు ముందు, అర్హుడైన వీక్షకుడు కోరినయెడల పాత టేపును ఒక్క పర్యాయము చూడవచ్చును."

ఆ రోజు అన్నంలో మజ్జిగకి బదులు మంచినీళ్ళు పోసుకుని తిన్నాడు.

"ఏందయ్యా, ఏమయింది నీకు?" అంది భార్య తిరపతమ్మ.

"గిలకపిల్లిని చూడొచ్చంట."

"యాభైకి దగ్గర పడ్డావు. ఇంట్లో నిజం పిల్లి రోజూ పాలు తాగిపోతంది. దాన్ని చూడు ముందు."

"దానికి ఒకటే తోక" అన్నాడు గుర్నాథం.

సదస్సు ప్రెసిడెంటు గారింటి ముందే షామియానా వేసి పెట్టారు. ప్రెసిడెంటు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య బుల్లెమ్మ గారికి ఎనభై ఆరు. చెవులు చురుగ్గా ఉన్నాయి, నాలిక ఇంకా చురుగ్గా ఉంది. వరసగా నాలుగు బల్లలు వేశారు. మొదటి దాని దగ్గర పేరు, రెండో దాని దగ్గర జ్ఞాపకం, మూడో దాని దగ్గర అభ్యంతరాలు, నాలుగో దాని దగ్గర కొత్త కథ చూసి వేలిముద్ర. పర్యవేక్షణకి స్మృతి తహసీల్దారు పద్మాకరరావు గారు వచ్చారు. భూముల సదస్సులు ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి. జ్ఞాపకానికీ పొలానికీ పెద్ద తేడా ఏముందని, అవే ఫారాలు తెప్పించారు. 'సర్వే నంబరు' అన్న చోట కొట్టేసి 'ఎపిసోడు నంబరు' అని రబ్బరు ముద్ర వేయించారు. కింద సరిహద్దుల గళ్ళు మాత్రం అట్టాగే ఉన్నాయి. ఉన్న గడిని ఖాళీగా వదలడం ఆ శాఖలో ఎవరూ ఎరగరు.

కాబట్టి గిలకపిల్లిని చూసిన ప్రతివాడూ, తను కూర్చున్న చోటికి సరిహద్దులు చెప్పాలి.

దానయ్య తన జ్ఞాపకం ఇట్టా రాయించాడు: "తూర్పు: కర్రస్తంభం. పడమర: ధనమ్మ జడ. ఉత్తరం: టీవీ. దక్షిణం: చెప్పులు."

వాడి వెనకాలే ధనమ్మ వచ్చి, స్తంభం పక్క చోటు తనదంది. కోటిరత్నం వచ్చి, ధనమ్మ ఎప్పుడూ చెప్పుల దగ్గరే కూర్చునేదంది. నలభై ఏళ్ళుగా ఒకే బావిలో నీళ్ళు తోడుకున్న ఆడవాళ్ళు అక్కడికక్కడ మాటలు మానేశారు. సర్వేయరు గొలుసు తెచ్చి వసారా కొలిచాడు. అందరూ చెప్పిన జాగాలు కలిపితే, వసారా ఉన్నదానికంటే రెండు మూరలు ఎక్కువ తేలింది. ఆ రెండు మూరలూ ఎవరో ఆక్రమించారని తహసీల్దారు గారు ఒక ఫైలు తెరిచారు.

గుర్నాథం వంతొచ్చింది.

"సరిహద్దులు చెప్పవయ్యా" అన్నాడు గుమస్తా ఏసుపాదం.

"తూర్పు ఆకాశం. పడమర ఆకాశం. ఉత్తరం కొబ్బరిచెట్టు మొవ్వు. దక్షిణం ఆకాశమేనండి."

ఏసుపాదం కలం కింద పెట్టి తహసీల్దారు గారి వంక చూశాడు. ఆయన ఫారం తన వైపు తిప్పుకున్నారు.

"ఆకాశము ప్రభుత్వ పోరంబోకు. అందులో ప్రైవేటు వ్యక్తులకు హక్కు సంక్రమించదు. ఇంతకీ నువ్వు సదరు పిల్లిని చూచితివా, లేదా?"

"చూడలేదండి. చూపించానండి."

"చూచితిని, చూడలేదు అని రెండే గళ్ళున్నాయి. చూపించితిని అను గడి లేదు."

"నేను గొట్టం వదిలితే వీళ్ళెవరికీ కనపడేది కాదండి. ఆ సంగతి దానయ్యనడగండి."

ఏసుపాదం దానయ్య వాంగ్మూలం తీసి చదివాడు. "పిల్లి రంగు తెలుపు లేక నలుపు. మీసములు ఆరు. తోక ఒకటి..."

గుర్నాథం మెల్లగా వెనక్కి తిరిగాడు. "ఒరే దానయ్యా, రెండన్నావు కదరా."

దానయ్య తువ్వాలు సర్దుకున్నాడు. "ఒక్క తోక కోసం ఎండలో అంతసేపు నిలబడతావేంట్రా? రెండంటే నిలబడ్డావు."

"నలభై ఏళ్ళు నమ్మాను రా."

"మంచిదే కదరా. మేమంతా ఒక తోక పిల్లినే చూశాం. నీకు ఒకటి ఎక్కువే దక్కింది."

జనం నవ్వారు. గుర్నాథం నవ్వలేదు. ఒకటో రెండో కళ్ళారా చూడందే ఆ రాత్రి నిద్రపట్టదనుకున్నాడు. నేరుగా మూడో బల్ల దగ్గరికి పోయాడు.

అభ్యంతరాల బల్ల దగ్గర గుమస్తా ఎనిమిది జిల్లాలు తిరిగినా ఒక్క అభ్యంతరమూ అందుకోలేదు. మిగతా ఊళ్ళలో జనం టేపు చూడకుండానే చూశామని వేలిముద్రలు వేసి, పులిహోర పొట్లం తీసుకుని పోయారు. అందుకని గుర్నాథాన్ని చూడగానే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అభ్యంతరం మూడు ప్రతుల్లో రాయించుకున్నాడు. "నన్ను వీక్షకుడిగా గుర్తించి, టేపు ఒక్కసారి చూపించవలెను" అన్నదే దాని సారం.

అభ్యంతరం వస్తే విచారణ జరగాలి. విచారణ అంటే అసలు స్థితిని పునఃకల్పించి పరిశీలించాలి. నిబంధన అట్టా ఉంది. తహసీల్దారు గారు నిట్టూర్చి, "ఇదే ఆఖరు గ్రామం. వచ్చే ఆదివారం తొమ్మిదిన్నరకు టేపు ప్రసారము చేసెదము. అర్హులందరు చూచి, చూచితిమని సంతకము చేయవలెను. ఆ క్షణముననే టేపు చెరిపివేయబడును" అన్నారు.

"చూడకుండా పెడితే కుదరదా సార్?" అన్నాడు పులిహోర మీద ధ్యాస ఉన్న ఒకాయన.

"నా వసారాలో దొంగ సంతకాలు పెట్టనివ్వను" అన్నారు బుల్లెమ్మ గారు కుర్చీలోంచే. ఆ మాట మీద ఇంక మాట లేదు.

అసలు స్థితి కోసం వారం రోజులు మనుషులు పరుగులు పెట్టారు. అటక మీద చింతపండు దాచుకుంటున్న తలుపుల టీవీని దింపారు. బాగుచేసింది గుర్నాథమే. పాత యాంటెనాకి పది పుల్లల్లో ఏడు ఉన్నాయి. మిగతా మూడూ పొరుగు జిల్లా మ్యూజియం నుంచి ఎరువు తెచ్చారు. ప్రసారం కోసం రైసుమిల్లు దగ్గర ఒక వ్యాను పెట్టారు. శనివారం సాయంత్రం తహసీల్దారు గారు పరికరాల జాబితా చదివించారు.

"ఒకటి, తలుపుల టీవీ. రెండు, కుర్చీ, నవారుది. మూడు, చాపలు నాలుగు. నాలుగు, యాంటెనా. అయిదు, ఇనప గొట్టము. ఆరు, గుర్నాథము."

"నన్ను పరికరాల్లో రాశారేందండీ?" అన్నాడు గుర్నాథం.

"నిశితముగా పరిశీలించితిమి. నీవు లేనిదే బొమ్మ రాదని సాక్షులందరు చెప్పిరి. నీవు చూచినట్లు ఒక్కరును చెప్పలేదు. చూడకుండ చూపించునది పరికరమే గదా. టీవీ కూడ అంతే, తాను చూడదు."

ఏసుపాదం వచ్చి గుర్నాథం చేతికి 'స్టాకు నం. 6' అని అట్టముక్క కట్టాడు.

ఇంకో చిక్కు వచ్చింది. సాక్షుల వాంగ్మూలం ప్రకారం, సదరు పరికరం ఖాకీ నిక్కరు వేసుకుని ఉండేది. ఆ సంగతి వినగానే తిరపతమ్మ వచ్చింది.

"మా ఆయన ఈ వయసులో నిక్కరేసుకుని మేడెక్కితే నేను మా పుట్టింటికి పోతాను. మీ కాగితంలో నాకింకో గడి వేసుకోండి" అంది.

చర్చలు జరిగాయి. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గడితే దాన్ని 'నిక్కరుకు సమానమైన వస్త్రము'గా పరిగణించవచ్చని తహసీల్దారు గారు సర్టిఫికెట్టు ఇచ్చారు.

ఆదివారం తొమ్మిదింటికే వసారా నిండింది. యాభై ఏళ్ళ పిల్లలంతా చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ధనమ్మకీ కోటిరత్నానికీ మధ్య సర్వేయరు సున్నంతో గీత గీశాడు. పక్క గదిలో ఉద్యోగి ఒకడు టేపు చెరిపే మిషను పెట్టుకుని, సంతకాల కోసం ఎదురుచూస్తున్నాడు. గుర్నాథం లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు. నలభై ఏళ్ళనాటి గొట్టం. అరచెయ్యి వేసేసరికి అక్కడ తన చెయ్యి అరగదీసిన గుంట అట్టాగే ఉంది. వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

అప్పుడు తట్టింది వాడికి. బొమ్మ వస్తే కింద అందరూ చూస్తారు. చూస్తే సంతకాలు పెడతారు. పెడితే పక్క గదిలో మిషను తిరుగుతుంది. అంటే గిలకపిల్లిని చంపటానికి గొట్టం పట్టుకుని నిలబడ్డది తనే.

తొమ్మిదిన్నర అయ్యింది.

గొట్టం తిప్పడంలో గుర్నాథానికి తప్ప ఎవరికీ తెలియని కిటుకు ఒకటుంది. కొబ్బరిచెట్టు వైపు బెత్తెడు తిప్పితే బొమ్మ, మాట రెండూ వస్తాయి. అందులో వేలెడు వెనక్కి లాగితే బొమ్మ పోయి మాట నిలుస్తుంది. గుర్నాథం వేలెడు వెనక్కి లాగి పట్టుకున్నాడు.

కింద తెర మీద ఈగలు ముసిరాయి. ఈగల్లోంచి కిర్రుమని గిలక గొంతు వచ్చింది. "అమ్మమ్మా, ఉట్టి మీద నీకేమన్నా వినపడ్డదా?"

కవ్వం చప్పుడు, పరుగు, కుండ పగిలిన చప్పుడు. దానయ్య ముందు కిసుక్కుమన్నాడు, తర్వాత పడి పడి నవ్వాడు. ఆఖర్న మంగతాయారు రొప్పుతుంటే, సున్నం గీతకి అటూ ఇటూ కూర్చున్న ధనమ్మా కోటిరత్నమూ ఒక్కసారే, "రేపు రా, నీ పని చెప్తా" అన్నారు. అని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"చూచితిరా?" అన్నారు తహసీల్దారు గారు, కాగితాలు పట్టుకుని.

"విన్నాం బాబూ" అన్నారు బుల్లెమ్మ గారు.

"వింటిమి అను గడి లేదమ్మా."

"లేకపోతే మా తప్పా? నీ కాగితానికి కళ్ళే ఉన్నాయి, చెవుల్లేవు."

పద్మాకరరావు గారు జీవితంలో మొదటిసారి నిచ్చెన ఎక్కారు. సగం దాకా వచ్చి, ఫైలు చంకలో పెట్టుకుని, గుర్నాథం చీలమండలతో మాట్లాడారు.

"ఇదుగో చూడవయ్యా. టేపు రెండో పర్యాయము వేయించుచున్నాను. బొమ్మ రప్పించు. వారి సంతకములైన వెంటనే నిన్ను పరికరముల నుండి తొలగించి ప్రత్యేక వీక్షకుడిగా గుర్తించెదను. చెరుపుటకు ముందు నీ ఒక్కడికి ఆఫీసులో వేసి చూపించెదను. కుర్చీ వేసి."

"పూర్తిగానా అండి?"

"పేర్లతో సహా."

"తర్వాతండి?"

"తర్వాత చెరిపివేయబడును. అది మారదు."

గుర్నాథం గొట్టం పట్టుకుని కొబ్బరిచెట్టు వంక చూశాడు. వేలెడు దూరంలో ఉంది పిల్లి. తోకలెన్నో తేలిపోతుంది. చెయ్యి చెమట పట్టింది. పట్టి ఒక్క రెప్పపాటు జారింది.

జారిందని చేతికి తెలిసింది. వెంటనే వేలెడు వెనక్కి లాగి, "వచ్చిందా?" అని అరిచాడు.

కింద తెర మీద బొమ్మ వచ్చి పోయింది. ముప్పై మంది చూశారు. ముప్పై మందీ బుల్లెమ్మ గారి వంక చూశారు. ఆవిడ తీరిగ్గా వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

కిటికీలోంచి దానయ్య తల బయటపడింది. "రాలేదురా" అన్నాడు. "కదలబాక."

గుర్నాథం కదల్లేదు.

మధ్యాహ్నం తహసీల్దారు గారు నివేదిక రాశారు. "బొమ్మ రానందున, వీక్షకులు శ్రోతలుగా మిగిలినందున, సదస్సు వచ్చే ఆదివారమునకు వాయిదా వేయడమైనది. అంతవరకు టేపును భద్రముగా ఉంచవలెను." వాయిదా సదస్సులో వేసిన కథే మళ్ళీ వెయ్యకూడదట. కాబట్టి పై ఆదివారం తర్వాతి కథ వేశారు. దానికీ బొమ్మ రాలేదు. ఆ పై వారం ఇంకోటి. టేపులో నూట యాభై కథలున్నాయి. అన్నీ అయిపోతే విచారణ మొదటి నుంచి చెయ్యాలని నిబంధన. చెరిపే మిషను మీద ఇప్పుడు పులిహోర గిన్నె పెడుతున్నారు. పక్క ఊళ్ళవాళ్ళు, వేలిముద్రలు వేసినవాళ్ళు కూడా, మనవల్ని చంకనేసుకుని వచ్చి చాపల చివర కూర్చుంటున్నారు. నవీకరణ మండలి కార్యక్రమాలన్నిటిలోకీ ప్రజల హాజరు ఎక్కువగా ఉన్నది యేటిమొగ పాలెం రద్దు సదస్సుకేనని పద్మాకరరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన మొహంలో కొంచెం బెంగ కనపడింది గానీ, ఆదివారం తొమ్మిదింటికల్లా వచ్చి చాప మీద చోటు చూసుకోవడం మాత్రం మానలేదు. ఆయన సరిహద్దులు: తూర్పు పులిహోర, ఉత్తరం టీవీ.

ఆ మొదటి ఆదివారం నాడు మాత్రం, గుర్నాథం నిచ్చెన దిగి, చేతికి కట్టిన అట్టముక్క విప్పుకుంటూ దానయ్య పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"చెయ్యి జారిందిరా" అన్నాడు గుర్నాథం.

"తెలుసు. చూశాగా."

"పిల్లి కనపడ్డదా?"

"ఆఁ. ఉట్టి మీంచి దూకతా ఉంది."

గుర్నాథం అట్టముక్కని మడిచి, మళ్ళీ మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఎన్ని?"

దానయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రెండేరా" అన్నాడు. "నేనే అప్పుడు సరిగ్గా చూళ్ళేదు."